పెదవులకి సరిపోయిన మాట

మైకు ముందు అడ్డంగా బిగించిన ఆ గుండ్రటి నల్లగుడ్డ కంపు కొడుతోంది. ఎన్నేళ్ళ నుంచి ఎందరి నోటి తుంపర్లు అందులో ఇంకాయో ఎవరికి తెలుసు. పొద్దున పళ్ళపొడి ప్రకటన చెప్పే పెద్ద గొంతు ఆయన, ఆ తర్వాత బొమ్మల సినిమాలో ఎలుకకీ పిల్లికీ తనే అరిచే అమ్మాయి, ఆ తర్వాత తను, అందరి ఉమ్మీ అందులోనే ఆరుతుంది, ఎవరూ ఉతకరు, ఉతికితే గుడ్డ సాగిపోయి పనికిరాదట, సాగిపోతే కొత్తది వెయ్యొచ్చు కదా అంటే సౌండ్ ఇంజనీరు ఏదో జోకు విన్నట్టు నవ్వుతాడు. ఇన్నేళ్ళుగా ఆ గుడ్డకి జానెడు దూరంలో మూతి పెట్టి బతుకుతోంది, అలవాటైపోయిందనే అనుకుంది, ఇవాళ మాత్రం మూతి దగ్గరికి పెట్టబుద్ధి కావడం లేదు. గోడలకి అంటించిన మెత్తటి అట్టలది చెమట వాసన, హెడ్‌ఫోన్ల తొడుగులది ఎవరిదో తలనూనె వాసన, తలుపు మూస్తే గాలి కూడా బయటే ఆగిపోతుంది. అద్దం అవతల ఇంజనీరు ఒక్కడే ఉన్నాడు, కుర్చీలో వెనక్కి వాలి గోళ్ళు కొరుక్కుంటున్నాడు. దర్శకుడూ మాటల రచయితా ఛానెల్ వాళ్ళతో ఫోన్లో మాట్లాడటానికి వరండాలోకి వెళ్ళారు. ఛానెల్ వాళ్ళు సరే అంటే ఆమె నోరు జారి అన్న మాట ఈ సాయంత్రమే ప్రసారమైపోతుంది, ఈ సీరియల్‌కి ఎప్పుడూ పీకల మీదికొచ్చాకే డబ్బింగు. లోకమంతా వింటే విననీ, లోకంతో ఆమెకేం పని. కానీ అమ్మ వింటుంది. వదిలెయ్యమని అమ్మ నోరు తెరిచి అడిగిన మాట అదొక్కటే.

జరిగింది చెప్పుకోవడానికి కూడా ఏమీ లేదు. ఇది వేరే భాషలో తీసిన సీరియల్. అక్కడి అత్త అక్కడి భాషలో పెదవులు ఆడిస్తుంది, ఇక్కడ ఆమె ఆ పెదవులకి తెలుగు తొడగాలి. పెదవులు కలిసిన చోట కలిసే మాట పడాలి, నోరు తెరుచుకున్న చోట తెరుచుకునే మాట పడాలి, వాళ్ళు ఆగిన చోట ఆగాలి. మనిషి అటు తిరిగి వీపు చూపిస్తే ఆ గొడవ లేదు, వీపు మీద ఏ మాటైనా పెట్టుకోవచ్చు, ఈ పనిలో చేరిన మొదటి రోజే నేర్పే సంగతి అది. ముఖం కనబడేటప్పుడే చావు. మాటల రచయిత రాసేది ఎప్పుడూ పొట్టిగా ఉంటుంది, మాట అయిపోయాక కూడా తెర మీద పెదవులు ఆడుతూనే ఉంటాయి, ఆ ఖాళీని ఆమె పూడుస్తుంది. దేంతో పూడుస్తుందంటే నాయనమ్మ మాటల్తో. అందుకే ఆమెకి ఇంత గిరాకీ. స్టూడియోలో అందరూ ఆమెని అత్తగారూ అనే పిలుస్తారు, ఏ సీరియల్లో అత్తకైనా ఆమే గొంతు మరి. పెళ్ళే చేసుకోని మనిషికి అత్తగారని పేరు. మొదట్లో నవ్వొచ్చేది.

ఇవాళ సీన్లో కోడలికి కడుపు పోయింది. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి వంటగదిలో సింకు దగ్గర నిలబడింది, వీపు ఒక్కటే కనబడుతోంది, గిన్నెలు కడుగుతోంది. అత్త గుమ్మంలో నిలబడి ఏదో అంటోంది. అంతా నీ రాత అని రాశాడు రచయిత. రాత అయిపోయింది, అత్త పెదవులు అవలేదు. మీ నాయనమ్మగారి దగ్గర్నుంచి ఏదైనా ఒకటి తీయండి అత్తగారూ అన్నాడు దర్శకుడు, అలమరలోంచి పచ్చడి జాడీ తీసివ్వమన్నట్టు. ఆలోచిస్తానంది. వాళ్ళు టీ తాగడానికి లేచారు. ఇంజనీరు బొమ్మని అలాగే తిప్పుతూ వదిలేశాడు, అదే ముక్క, అదే గుమ్మం, అదే అత్త, నోరు తెరుస్తుంది మూస్తుంది, తెరుస్తుంది మూస్తుంది, చప్పుడు లేకుండా. ఆమె హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకుని ఊరికే చూస్తోంది. రెండు చోట్ల ఆ పెదవులు గట్టిగా కలుస్తున్నాయి. కలిసి, విడిపోయి, తర్వాత చాలాసేపు ఆడుతున్నాయి. ఎక్కడో విన్నట్టుందే ఈ నడక అనుకుంది, అంతవరకే అనుకుంది, అనుకోవడం అవకముందే నాలుక దాని పని అది చేసేసింది. కడుపా అది, అద్దె కొంపా? వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఖాళీ చేసి పోతున్నారు. మెల్లగానే అంది. అతికినట్టు సరిపోయింది. ఇంజనీరు ఎప్పుడూ మైకు కట్టెయ్యడు, బద్ధకం. గది మూల స్పీకర్లోంచి దర్శకుడి గొంతు వచ్చింది, అదే, అదే కావాలండీ నాకు అని. టీ గ్లాసుతో అద్దం అవతల నిలబడి తొడ మీద కొట్టుకుంటున్నాడు. పక్కన రచయిత బిస్కెట్టు నములుతూ తల ఊపుతున్నాడు, ఆ రోజుల్లో మనుషులకి ఎంత చమత్కారమండీ అంటున్నాడు, నోట్లో తడి పిండి తిరుగుతుండటం అద్దంలోంచి కూడా కనబడింది.

"అది తీసెయ్యండి," అంది ఆమె. "అది నేను చెప్పింది కాదు."

"మరెవరు చెప్పారండీ?" అన్నాడు దర్శకుడు. "లోపల మీరొక్కరే కదా ఉన్నది."

ఇద్దరూ నవ్వుకున్నారు. కొంచెం ఘాటుగా ఉంది, ఛానెల్ వాళ్ళని ఒక మాట అడుగుదాం అంటూ వెళ్ళారు. మీరొక్కరే కదా అన్నాడు. ఒక్కతే అయితే ఏ పీడా లేదు. నోట్లో ఎప్పుడూ ఇద్దరుంటారు. నాయనమ్మ పోయి ఇన్నేళ్ళయింది, ఇంకా ఈ నోట్లో కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది, లేవదు. నాలుక కింద పులుపు ఊరుతోంది, వాంతికి ముందు ఊరే పులుపు. అది అంటున్నప్పుడు నోటికి ఎంత బాగుందో, అదీ అసహ్యం. మాట ఒక్కొక్కటీ ఎక్కడ పడాలో అక్కడ పడి, ఆఖర్న పోతున్నారు అన్నప్పుడు గొంతు కొంచెం కిందికి దిగి, అచ్చం నాయనమ్మ దిగినట్టే దిగి. మంచి పనివాడికి పని కుదిరినప్పుడు కలిగే సుఖం. థూ.

నాయనమ్మ ఎప్పుడూ అరవలేదు. ఒక్క బూతు మాట ఆ నోట్లోంచి రాలేదు. చిన్న మనిషి, కిటికీ పక్కన పేము కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని, ఎదురుగా ఉన్న మనిషిని కాసేపు చూసి, చెవి వెనక జుట్టు సర్దుకుని ఒక మాట అనేది. అంతే. వీధి చివరి దర్జీ కుట్టిన జాకెట్టు తొడుక్కోవాలంటే కొత్త చేతులు మొలిపించుకోవాలనేది. పక్కింటావిడ నవ్వితే పన్ను పీకించుకోడానికి నోరు తెరిచినట్టుంటుందనేది. సందులో ఉండే డాక్టరు చెయ్యి పట్టుకుంటే జ్వరం భయపడి పారిపోతుందట, పోతూ పోతూ మనిషిని కూడా వెంటబెట్టుకుపోతుందట. మేనత్త మొగుడు నిద్రపోతూ ఉద్యోగం చేస్తాడట, మెలకువ వస్తే సెలవు పెడతాడట. నాన్న పుట్టినప్పుడు ఏడవలేదట, ఎవరైనా ఏమైనా అనుకుంటారని. ఇవి వినడానికే చుట్టుపక్కల ఆడవాళ్ళు పని పెట్టుకుని వచ్చి కూర్చునేవాళ్ళు, తమని అంటే తామే ముందు నవ్వేవాళ్ళు, నవ్వకపోతే ఇంకోటి పడుతుందని భయమో ఏమో. ఈవిడ నోటికి పన్ను వెయ్యాలి అని ఒకాయన అంటే, వేస్తే నేనే ముందు దివాళా తీస్తాను నాయనా, నిన్ను తలుచుకున్నప్పుడల్లా కట్టాల్సొస్తుంది అందట. ఆమె చిన్నప్పుడు పేము కుర్చీ పక్కన పీట వేసుకుని కూర్చుని వాటన్నిటినీ అప్పజెప్పేది, అదే గొంతుతో, జుట్టు సర్దుకోవడంతో సహా. దీనికి నా నోరొచ్చిందర్రా అని నాయనమ్మ అందరికీ చూపించి మురిసిపోయేది. బళ్ళో టీచర్లు, ఆ తర్వాత నాటకాలవాళ్ళు, ఆ తర్వాత రేడియో, ఆ తర్వాత ఈ అట్టల గది, ఆమె కూడు తిన్నదంతా ఆ నోటితోనే.

ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా అదే మాట. ఆ తరంతోనే పోయిందండీ ఆ సొగసు అంటారు. మా అమ్మమ్మ అయితేనా అని మొదలుపెడతారు, మా ముత్తాతైతే అని ఇంకొకరు అందుకుంటారు, భోజనాల దగ్గర చేతులు ఎండిపోతున్నా లేవరు, ఒకరిని మించి ఒకరు, ఎవరి ముసలిది ఎంత బాగా కుళ్ళబొడిచిందో చెప్పుకుని పొట్టలు పట్టుకుంటారు. పడినవాళ్ళ సంగతి ఎవరూ ఎత్తరు. దర్జీ ఆ వీధి వదిలి ఎందుకు వెళ్ళిపోయాడో ఎవరికీ గుర్తులేదు, చేతుల మాట మాత్రం గుర్తుంది. మొన్నొక పెళ్ళి విందులో మేనత్త కూతురు ఆమెని పట్టుకుని నలుగురి మధ్యకి లాగి, అమ్మమ్మలా మాట్లాడవే అని పోరు పెట్టింది, నలుగురూ మూగారు, అందరి పళ్ళ సందుల్లో తిండి ముక్కలు, మెరిసే మూతులు, ఊఁ ఊఁ ఇంకోటి ఇంకోటి. ఇచ్చింది. ఇవ్వకుండా ఉండగలదా. రుచి మరిగిన నాలుక అది.

అమ్మ మీద ప్రయోగించినవి మాత్రం ఎవరూ చెప్పుకోరు, వాళ్ళకి తెలియవు గనక. అవి ఇంట్లోవి. పక్కింటావిడ పన్ను లోకానికి, అమ్మ ఇంటికి. అమ్మ గిన్నె తోముతుంటే, తోముతోందా జోకొడుతోందా అనేది నాయనమ్మ. అమ్మ మాట్లాడకపోతే, దీన్ని గోడకి మేకు కొట్టి తగిలించినా పటమే అనుకుంటారనేది. అమ్మ ఎప్పుడైనా మాట్లాడితే, పటం పలికింది, లెంపలు వేసుకోండర్రా అనేది. వంటింట్లో సింకు గుమ్మానికి ఎదురుగా ఉండేది, అందుకని హాల్లో కూర్చున్నవాళ్ళకి అమ్మ ఎప్పుడూ వీపు. ఆమెకి కూడా అమ్మ అంటే మొదట గుర్తొచ్చేది ముఖం కాదు, వీపే, రెండు భుజాల మధ్య చెమటకి తడిసిన చోటు, మాట పడినప్పుడు కొంచెం పైకి లేచి మళ్ళీ దిగే భుజాలు. అక్కడ ముఖంలో ఏం జరుగుతుండేదో ఈ రోజుకీ తెలియదు. గిన్నెలకి తెలుసు.

ఆమె కంటే ముందు అమ్మ కడుపులో ఇద్దరు నిలవలేదు. ఆమె నిలిచింది. ఆమె తర్వాత ఇంకొకరు కూడా పోయారు, అప్పటికి ఆమె బడికి వెళ్తోంది, ఆస్పత్రి నుంచి అమ్మ నడుచుకుంటూ వచ్చింది, రిక్షాలో కుదుపులకి నొప్పి అని. వచ్చీ రాగానే సింకు దగ్గర నిలబడింది, పొద్దుటి గిన్నెలు అలాగే ఉన్నాయి మరి, ఎవరు కడుగుతారు. హాల్లో చూడ్డానికొచ్చిన ఆడవాళ్ళు. నాన్న ఒక పక్కన కూర్చుని తింటున్నాడు. నాయనమ్మ వీపు వంక కాసేపు చూసింది. జుట్టు సర్దుకుంది. జుట్టు సర్దుకుంటే ఏదో రాబోతోందని అందరికీ తెలుసు, అందరూ కొంచెం ముందుకి వంగారు, అలా వంగడం ఆమెకి ఇప్పటికీ కనబడుతుంది, ఆ మెడలు. కడుపా అది, అద్దె కొంపా. ఒక్క క్షణం ఎవరూ నవ్వలేదు. తర్వాత ఒకావిడ ముక్కులోంచి నవ్వింది, ఆపుకోలేక. తర్వాత అందరూ. ఆ తర్వాత నాన్న. నోట్లో ముద్ద ఉండగా నవ్వాడు, తల కంచంలోకి వంచుకుని, నములుతున్నది సగం బయటికొచ్చి పెదవి మీద ఆగింది, దాన్ని నాలుకతో లోపలికి లాక్కున్నాడు. నాన్న మంచివాడనే అంటారందరూ, నోట్లో నాలుక లేని మనిషంటారు. ఉంది. ఆమె చూసింది.

అమ్మ చేతిలో గిన్నె బోర్లించి, చెయ్యి తుడుచుకుని స్నానాలగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. కుళాయి పూర్తిగా తిప్పింది. నీళ్ళు ఖాళీ బకెట్లో పడి పెద్ద చప్పుడు. హాల్లో మాట మారిపోయింది. ఆమె మాత్రం వెళ్ళి తలుపుకి చెవి ఆనించింది, తలుపు తడిగా పాచి వాసన వేస్తోంది, చెంపకి జిగురు తగిలింది, అయినా తియ్యలేదు. నీళ్ళ చప్పుడు వెనకాల అమ్మ గొంతు. ఏడుస్తోందనుకుంది. ఏడవడం లేదు. మాట్లాడుతోంది. అత్తయ్యా అని పిలిచి, ఎదురుగా నిలబడి చెప్పినట్టు నిదానంగా ఒక మాట చెప్పింది, ఒక్కసారే చెప్పింది. కుళాయి కట్టేసింది. బయటికొచ్చి మళ్ళీ సింకు దగ్గరికి వెళ్ళి మిగతా గిన్నెలు తోమింది. ఆ మాట ఆమె ఇన్నేళ్ళలో ఎవరికీ అప్పజెప్పలేదు. విన్నానని అమ్మకి కూడా చెప్పలేదు. నాయనమ్మ మాటలు ఒక్కటి మరిచిపోకుండా దాచిన ఈ బుర్రలో అమ్మది అదొక్కటే ఉంది, ఏ అత్త పెదవులకీ సరిపోలేదు గనక వాడాల్సిన పని పడలేదు.

ఆఖర్న నాయనమ్మకి మాట పడిపోయింది. నోరు ఒక పక్కకి జారి, ఆ పక్కనుంచి ఎప్పుడూ చొంగ కారుతుండేది. ఊరందరినీ నవ్వించిన నోరు, ఊఁ, ఆఁ, అంతే. మేనత్త రెండు రోజులుండి, నాకు వాసన పడదమ్మా అని వెళ్ళిపోయింది. అమ్మ స్పూనుతో పట్టేది, కారినదాన్ని అదే స్పూనుతో ఎత్తి మళ్ళీ నోట్లో పెట్టేది, గుడ్డ తడిపి మూతి తుడిచేది, మూల మూలలా, చెవి కింద దాకా. పళ్ళ సెట్టు తీసి సింకు దగ్గరికి తీసుకెళ్ళి కుళాయి కింద పట్టుకుని బ్రష్షుతో రుద్దేది, సందుల్లో ఇరుక్కున్నది పుల్లతో తీసేది, ఆ గులాబీ రంగు చిగుళ్ళు, ఆ పళ్ళు, అద్దె కొంపా అన్న పళ్ళు. ఆమె గుమ్మంలో నిలబడి చూసింది, ఎప్పటిలాగే వీపు. పారెయ్యమ్మా దాన్ని, ఇంకేం నములుతుంది అంది. అమ్మ వెనక్కి తిరగలేదు. మురికిగా ఉంటే ఆవిడకి నచ్చదు అంది. మురికి. అది ఓర్పా, ప్రేమా, కసా, ఆమెకి అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. మర్నాడు నాయనమ్మ చెయ్యి ఎత్తి అమ్మ చెవి వెనక జుట్టు సర్దబోయింది. ఏదో అనాలని కాబోలు. ఊఁ అంది.

ఇప్పుడు ఇంట్లో ఇద్దరే, అమ్మా తనూ. సాయంత్రం సీరియల్ వేళకి అమ్మ పనులన్నీ ముగించుకుని టీవీ ముందు కూర్చుంటుంది, సౌండు పెంచుతుంది, పైవాటా ఆవిడ కూడా దిగి వస్తుంది. మా అమ్మాయి గొంతు అని అమ్మ చెప్పడం, తెలుసులెండి రోజూ చెప్తారుగా అని ఆవిడ అనడం. తెర మీద ఆ అత్త నోట్లోంచి నాయనమ్మ మాట రాగానే అమ్మ నవ్వుతుంది. నిజంగానే నవ్వుతుంది, చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వి, అచ్చం మీ నాయనమ్మేనే అంటుంది. పటం మాట వచ్చిన రోజు కూడా నవ్వింది. ఆమెకి ఆ నవ్వు చూడబుద్ధి కాదు, లేచి వెళ్ళి ఊరికే ఫ్రిజ్జు తెరిచి నిలబడుతుంది. ఎలా నవ్వగలవమ్మా అని అడగాలనుంటుంది. అడిగితే నువ్వెలా అనగలవే అని తిరిగి అడుగుతుందని భయం. ఒక రోజు సీరియల్ అయిపోయాక, పైవాటా ఆవిడ వెళ్ళిపోయాక, అమ్మ టీవీ కట్టేసి, నల్లటి తెర వంకే చూస్తూ, అన్నీ వాడేస్తున్నావు, ఇంకేం మిగిలాయి అంది. చాలా ఉన్నాయిలే అంది ఆమె. అమ్మ రిమోటు బల్ల మీద పెట్టింది. ఒకటి మాత్రం వదిలెయ్యవే అంది. ఏది అని ఆమె అడగలేదు, అమ్మ చెప్పలేదు. అప్పట్నుంచీ అమ్మ రోజూ టీవీ ముందు కూర్చునేది ఆ ఒక్కటి వస్తుందేమోనని చూడ్డానికేనేమో అనిపిస్తుంది. రాకుండా సీరియల్ అయిపోతే ఊపిరి పీల్చుకుని లేచి కాళ్ళు కడుక్కుంటుంది. ఇవాళ వస్తుంది. చీరకొంగు ఎత్తి నోటి దాకా తెచ్చేసరికి వచ్చేస్తుంది. పైవాటా ఆవిడ పక్కనే ఉంటుంది, ఆవిడ ముక్కులోంచి నవ్వుతుంది.

తలుపు చప్పుడైంది. అద్దం అవతల దర్శకుడు బొటనవేలు పైకి చూపిస్తూ వచ్చాడు, వెనక రచయిత, చేతిలో ఇంకో బిస్కెట్టు. ఛానెల్ వాళ్ళు పడి పడి నవ్వారట, ఉంచి తీరాలన్నారట, రేపట్నుంచి ప్రకటనల్లో కూడా అదే ముక్క తిప్పుతారట. ఆమె ఇంకొక మాట ఇస్తానంది. ఇవ్వండి, ఇంతకంటే బాగా అతికితే మారుస్తాను అన్నాడు అతను, మర్యాదగానే. బొమ్మ తిప్పారు. ఆమె నాలుగు రకాలుగా ప్రయత్నించింది, ఉన్న సరుకంతా తీసింది, ఏదీ ఆ పెదవుల మీద నిలవలేదు, మాట ముందో పెదవి ముందో, చచ్చిన చేపల్లా జారిపోయాయి. నాయనమ్మదే అతికింది. ముసల్ది ఎక్కడో కూర్చుని జుట్టు సర్దుకుంటూనే ఉంటుంది.

"ఇంక వదిలెయ్యండి అత్తగారూ," అన్నాడు దర్శకుడు. "ఒక్క చిన్న పని మిగిలింది. కోడలి గొంతు అమ్మాయి పొద్దున్నే అన్నీ చెప్పేసి వెళ్ళిపోయింది, ఈ సీన్లో ఏడుపు ఒకటి మరిచిపోయాం. వీపే కదా కనబడేది, మీరే ఒక వెక్కు ఇచ్చెయ్యండి."

వెక్కు ఇవ్వడం ఎంతసేపు. ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుంది, ఎవరిదో తలనూనె చెవులకి అంటుకుంది. తెర మీద గుమ్మం, అత్త, ఆమె గొంతుతోనే అత్త అంటోంది, కడుపా అది, అద్దె కొంపా, చెవుల్లో నిండుగా, తిరుగులేకుండా, వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఖాళీ చేసి పోతున్నారు. తర్వాత వీపు. రెండు భుజాలు, వాటి మధ్య జాకెట్టు కొంచెం తడిసింది, ఆ భాషలో కూడా ఆడదాని వీపు అక్కడే తడుస్తుంది కాబోలు. భుజాలు పైకి లేచాయి. కుళాయి పారుతోంది. భుజాలు దిగడానికి చాలాసేపు పట్టింది, అంత ఖాళీ, అంత పొడుగాటి ఖాళీ, పెదవులు లేని ఖాళీ, ఎవరూ ఏమీ రాయని ఖాళీ. ఇంజనీరు వేలు చూపించాడు. ఆమె నోరు తెరిచింది. అత్త గొంతు రాలేదు, అలవాటైన ఏ గొంతూ రాలేదు, ఎవరికీ ఎప్పుడూ వాడని గొంతు, పాచి పట్టిన తలుపు అవతలి గొంతు, నిదానంగా, ఎదురుగా నిలబడి చెప్పినట్టు.

"మీ మాటలు లోపలికి వినబడతాయి అత్తయ్యా. విన్నవాళ్ళెవరైనా బయటికి వస్తారా?"

భుజాలు దిగాయి. సరిగ్గా అక్కడికి సరిపోయింది. తనూ అమ్మ కడుపులో ఉండి విన్నది. విని కూడా వచ్చింది, వస్తూ వస్తూ ఆ నోరే తెచ్చుకుంది. చెంపకి మళ్ళీ ఆ తలుపు జిగురు తగిలినట్టయి చేత్తో తుడుచుకుంది, తడిగానే ఉంది. అద్దం అవతల ఎవరూ నవ్వలేదు. రచయిత నమలడం ఆపాడు, నోట్లో పిండి అలాగే ఉంది. కోడలు ఎదురు చెప్పకూడదండీ, పాత్ర దెబ్బతింటుంది, అసలు ఆ భాషలో వాళ్ళు రాసిందాంట్లోనే లేదు అన్నాడు. దర్శకుడు ఇంకోసారి వెయ్యమన్నాడు ఇంజనీరుని. వేశాడు. అత్త అంది, కోడలు అంది. మరోసారి వెయ్యమన్నాడు.

"రెండూ ఉండాలి," అంది ఆమె మైకులో. "లేకపోతే రెండూ పోవాలి. ఒక్కటే ఉంటే రేపట్నుంచి మీ అత్తకి గొంతు వెతుక్కోండి."

దర్శకుడు అద్దంలోంచి ఆమె వంక చూశాడు, ఇన్నేళ్ళలో మొదటిసారి చూస్తున్నట్టు. ఈ మాట కూడా మీ నాయనమ్మగారిదేనా అని అడిగాడు. కాదు అంది. రెండూ ఉంచుదాం అన్నాడు దర్శకుడు. సాయంత్రం చీరకొంగు నోటి దాకా వెళ్ళి ఆగిపోతుంది. ఆ తర్వాత అమ్మకి తెలుస్తుంది, తలుపు అవతల ఒక చెవి ఉండేదని, ఆ రోజు మాట నీళ్ళలో కొట్టుకుపోలేదని. ఏమంటుందో. కోప్పడుతుందేమో. ఆ మాత్రం కోపం ఒక్కసారైనా ఎదురుగా నిలబడి చూడాలి, వీపు కాదు.

ఇంజనీరు మీటలు సర్దుతూ ఇటు తిరిగాడు. "అత్తగారూ, కోడలికి చెప్పే అమ్మాయి గొంతుకీ మీ గొంతుకీ కొంచెం తేడా తెలుస్తోంది. ఎలాగూ సింకు దగ్గరే ఉంది కదా, కుళాయి చప్పుడు పెంచమంటారా? దాంట్లో కలిసిపోతుంది."

"వద్దు," అంది ఆమె. "కుళాయి కట్టెయ్."